మనసు పంపే కబురు – రక్తకణం అందుకొనే తీరు

"దిగులు పెట్టుకుంటే జ్వరం వస్తుందా?" "పరీక్షల నెల రాగానే మా అమ్మాయికి నోటిపూత ఎందుకు వస్తున్నది?" "మావారు పోయిన ఏడాదిలోనే నాకీ కీళ్లవాతం పట్టుకున్నది, రెంటికీ సంబంధం ఉన్నదా?" వైద్యశాలకు వచ్చే కుటుంబాల వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలివి. అడిగేవారు కొంత సంకోచంతో అడుగుతారు. మనోవ్యాధి అంటే నలుగురూ చులకన చేస్తారేమోనని భయం. నిజానికి ఇందులో సంకోచింపవలసినది ఏమీ లేదు. ఇది వైద్యశాస్త్రంలో మొదటినుండి ఉన్న ప్రశ్న.

గురుకులంలో మేము నిదానస్థానం వల్లె వేసిన రోజులలోనే ఈ విషయం మా చెవినబడినది. ఆగంతు జ్వరాలను చెప్పేటప్పుడు కామం, శోకం, భయం, క్రోధం వలన కలిగే జ్వరాలను మన ఆచార్యులు వేరుగా లెక్కించారు. అతిసారాన్ని ఆరు విధాలుగా విభజించిన చరకుడు వాటిలో రెంటికి భయజం, శోకజం అని పేరు పెట్టాడు. మితంగా, పథ్యంగా తిన్న అన్నం కూడా చింతతో, శోకంతో, భయంతో, నిద్రలేమితో ఉన్నవానికి సరిగా జీర్ణం కాదని కూడా ఆయన చెప్పాడు. కారణం, కార్యం రెండూ స్పష్టంగా చెప్పబడినవి. అయితే ఆ కారణం ఏ దారిన నడచి ఈ కార్యాన్ని చేరుతున్నది? మెదడులోని వ్యథ రక్తంలో తిరిగే తెల్లకణానికి ఎట్లా తెలుస్తున్నది? ఈ దారిని గత వంద సంవత్సరాలలో ఆధునిక పరిశోధకులు కొంత కొంతగా తవ్వి చూపించారు. ప్రతి గృహస్థు, ముఖ్యంగా ఇంట్లో నలుగురి మందులూ చూసుకొనే గృహిణి, తెలుసుకొనదగిన విషయమిది. తెలియనందువలన కలిగే ప్రమాదాలు కూడా ఉన్నవి. వాటిని ఈ వ్యాసం రెండవ భాగంలో వివరిస్తాను.

నాడులు మాట్లాడే భాష

నాడి చివర నుండి కబురు అవయవానికి ఎట్లా చేరుతుంది? విద్యుత్తు దూకినట్లు దూకుతుందా, లేక ఏదైనా ద్రవ్యం ఊరుతుందా? 1921లో ఆస్ట్రియా దేశంలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో ఒక పరీక్ష చేశాడు. మొదటి గుండెకు సంబంధించిన వేగస్ నాడిని ప్రేరేపించగా ఆ గుండె నెమ్మదించినది. ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి రెండవ గుండెకు అందించగా, ఏ నాడినీ తాకకుండానే, అదికూడా నెమ్మదించినది. అంటే నాడి ఒక రసాయనాన్ని విడుదల చేస్తున్నదని తేలిపోయినది. దాని పేరు అసిటైల్‌కోలిన్. ఈ కృషికి లోవీ, హెన్రీ డేల్ ఇరువురూ 1936లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

తరువాత ఇటువంటి సందేశ రసాయనాలు ఒక్కొక్కటిగా బయటపడినవి. 1946లో స్వీడన్ దేశస్థుడు వాన్ ఆయిలర్ నార్‌అడ్రినలిన్‌ను గుర్తించాడు. 1957లో ఆ దేశానికే చెందిన కార్ల్‌సన్ మెదడులో డోపమిన్ స్వయంగా ఒక సందేశవాహకమని చూపించాడు. సెరొటోనిన్ కథ మాత్రం తిరగబడినట్లుంటుంది. దానిని మొదట చూసినది మెదడులో కాదు. ఇటలీకి చెందిన ఎర్‌స్పామర్ 1930ల నాటికే ప్రేగులోని కణాలలో దానిని వేరొక పేరుతో గుర్తించాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తం గడ్డకట్టిన తరువాత మిగిలే సీరం నుండి దానిని వేరుచేశారు. సీరంలో ఉండి రక్తనాళాలను బిగించేది కనుక సెరొటోనిన్ అన్నారు. అది మెదడులోకూడా ఉన్నదని 1953లోగాని తెలియలేదు. మనోభావాలకు సంబంధించినదని లోకం నమ్మే ఈ ద్రవ్యం మొదట దొరికినది కడుపులో, రక్తంలో అన్న సంగతి పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. భయజాతిసారం చెప్పిన ఆచార్యునికి ఈ వార్త వింతగా తోచకపోవచ్చు.

కణపు గుమ్మం వద్ద

ఒక రసాయనం కణానికి కబురు అందించాలంటే కణపు పైపొరమీద దానిని పట్టుకొనే ఏర్పాటు ఉండాలి. దీనిని గ్రాహకం అంటారు. తాళంచెవి తన తాళంలోనే అమరినట్లు ఒక్కొక్క రసాయనం తన గ్రాహకంలోనే అమరుతుంది. చాలాకాలం ఈ గ్రాహకాలు నాడీకణాలకు, కండరాలకు, గ్రంథులకు మాత్రమే ఉంటాయని తలచేవారు. రక్తంలో తిరుగాడుతూ సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలకు నాడులతో పని ఏమి?

1976లో అమెరికాలో రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్ బృందం మనుషుల రక్తం నుండి లింఫోసైట్లు అనే తెల్లకణాలను వేరుచేసి, అడ్రినలిన్ గ్రాహకాన్ని వెదకి అతుక్కొనే ఒక మందుకు రేడియోధార్మిక హైడ్రోజన్‌తో గుర్తుపెట్టి ఆ కణాలతో కలిపినది. కడిగివేసిన తరువాత కణాలకు ఎంత గుర్తు అంటుకొని ఉన్నదో లెక్కించగా సంశయం తీరిపోయినది. కంటికి కనిపించని ఒక్కొక్క లింఫోసైట్ మీద ఇటువంటి గ్రాహకాలు వేయి, రెండు వేల సంఖ్యలో ఉంటాయి. గ్రాహకాలను గురించిన జీవితకాల కృషికి లెఫ్‌కోవిట్జ్‌కు, ఆయన శిష్యుడు కోబిల్కాకు 2012లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

ఈ తాళం తెరుచుకుంటే ఏమవుతుంది? మనం ఉలిక్కిపడినా, మెట్లు వేగంగా ఎక్కినా, నాడుల నుండి, అడ్రినల్ గ్రంథి నుండి వెలువడిన రసాయనాలు కొద్ది నిమిషాలలోనే కొన్ని జాతుల తెల్లకణాలను ప్లీహం నుండి, రక్తనాళాల గోడల నుండి కదలించి రక్తప్రవాహంలోకి రప్పిస్తాయి. ఊరికి ఆపద వచ్చినదని దండోరా వేస్తే యువకులు వీధిలోకి వచ్చినట్లు. దండోరా ఒకపూట వేస్తే మేలు. అది నెలల తరబడి మోగుతూనే ఉంటే వచ్చినవారు అలసిపోతారు. వ్యాయామం మేలు చేయడానికి, దీర్ఘకాలపు చింత కీడు చేయడానికి ఉన్న భేదం కొంతవరకు ఇక్కడ ఉన్నది. దీర్ఘచింతలో అడ్రినల్ గ్రంథి విడిచే కార్టిసాల్‌కూడా తనవంతు పాత్ర వహిస్తుంది.

నాడులు కేవలం రక్తంలోకి రసాయనాన్ని వదిలి ఊరకుండవు. 1980లలో డేవిడ్ ఫెల్టన్ మొదలైనవారు సూక్ష్మదర్శినితో పరిశీలించగా, నార్‌అడ్రినలిన్‌ను విడిచే సన్నని నాడీతంతువులు ప్లీహంలోనికి చొచ్చుకొనిపోయి లింఫోసైట్ల చెంతనే ముగుస్తున్నట్లు కనిపించినవి. అంతకుముందే, 1975లో, రోచెస్టర్‌లో ఏడర్, కోహెన్ అనే ఇద్దరు ఎలుకలకు తీపినీళ్లతోపాటు వ్యాధినిరోధక శక్తిని అణచే మందు ఇచ్చి, తరువాత తీపినీళ్లు మాత్రమే ఇచ్చినా ఆ శక్తి కొంత అణగినట్లు చూపించారు. రుచి జ్ఞాపకం మెదడులోనిది. దాని ప్రభావం మాత్రం రక్తంలో కనిపించినది.

ఉపశమింపజేసే నాడి

హెచ్చరించే నాడులు ఉన్నట్లే చల్లార్చే నాడి కూడా ఉన్నది. లోవీ పరీక్షించిన వేగస్ నాడియే అది. మెదడు క్రింది భాగం నుండి బయలుదేరి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశం వరకు దిగుతుంది. 2000 సంవత్సరంలో కెవిన్ ట్రేసీ బృందం జంతువులలో ఈ నాడిని ప్రేరేపించి, శరీరమంతటా చెలరేగే తీవ్రమైన వాపు తగ్గుతున్నట్లు చూపించినది. మాక్రోఫేజ్ అనే భక్షకకణం మీద అసిటైల్‌కోలిన్‌ను పట్టుకొనే ఒక ప్రత్యేక గ్రాహకం ఉన్నదని 2003లో అదే బృందం గుర్తించినది. గ్రాహకంలో అసిటైల్‌కోలిన్ అమరినప్పుడు ఆ కణం వాపు కలిగించే పదార్థాలను తక్కువగా విడుస్తుంది. 2011లో మరొక వింత తెలిసినది. ప్లీహంలో కొన్ని లింఫోసైట్లు తామే అసిటైల్‌కోలిన్‌ను తయారుచేసి నాడి చెప్పిన మాటను పొరుగు కణానికి అందిస్తున్నవి.

ఇది కేవలం ప్రయోగశాలలో ఆగిపోలేదు. 2016లో కీళ్లవాత రోగులలో వేగస్ నాడిని పరికరంతో ప్రేరేపించి ఫలితాలు ప్రకటించారు. 2025లో అటువంటి పరికరాన్ని రుమటాయిడ్ కీళ్లవాతానికి, మందులకు లొంగని కొందరు పెద్దలలో వాడుటకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించినది. కీళ్లవాతానికి నాడిద్వారా చికిత్స అంటే ముప్పై ఏళ్ల క్రితం ఎవరైనా నవ్వి ఉండేవారు.

కబురు వినడం వేరు, సరుకు చేర్చుకోవడం వేరు

ఇంతవరకు చెప్పినది గ్రాహకం పని. తపాలా జవాను గుమ్మంలో నిలబడి ఉత్తరం చదివి వినిపించి వెళ్లిపోయినట్లు, రసాయనం బయటనే ఉండి కబురు అందిస్తుంది. మరొక ఏర్పాటు ఉన్నది. గుమ్మం ముందుకు వచ్చిన సరుకును మనిషి చేతులతో ఎత్తి లోపలి గదిలో భద్రపరచినట్లు, కణం రసాయనాన్నే లోనికి తీసుకుంటుంది. ఇందుకు కణపు పొరలో ఒక వాహకం ఉంటుంది. మెదడులో ఒక నాడి సెరొటోనిన్ విడిచి కబురు అందించిన తరువాత, ఆ వాహకమే దానిని తిరిగి లోనికి లాగి మాట ముగిసినట్లు చేస్తుంది. నార్‌అడ్రినలిన్ విషయంలో ఇటువంటి లోనికి తీసుకొనే పద్ధతిని కనుగొన్న జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1970లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరు.

సెరొటోనిన్‌ను లోనికి లాగే ఆ వాహకం మెదడులో మాత్రమే కాదు, రక్తంలోని ప్లేట్‌లెట్లమీద కూడా ఉన్నది. రెండుచోట్లా ఉన్నది ఒకే జన్యువు నుండి పుట్టిన ఒకే వాహకం. మన శరీరంలోని సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు, అంతకుమించి, ప్రేగు గోడలోనే తయారవుతుంది. అది రక్తంలోకి రాగానే ప్లేట్‌లెట్లు వాహకంద్వారా లోనికి తీసుకొని చిన్న సంచులలో దాచుకుంటాయి. ప్లేట్‌లెట్ తానుగా సెరొటోనిన్‌ను తయారుచేసుకోలేదు. బయటినుండి వచ్చినదే దాని నిల్వ. గాయమైనచోట ప్లేట్‌లెట్లు ఆ సంచులను విప్పుతాయి. రక్తనాళం బిగుసుకొంటుంది. గడ్డకట్టడానికి తోడ్పాటు కలుగుతుంది. తెల్లకణాలు గాయం వద్దకు చేరడానికి కూడా ఈ సెరొటోనిన్ సహకరిస్తుంది.

ప్లేట్‌లెట్లంత ఎక్కువగా కాకపోయినా లింఫోసైట్లలో, మోనోసైట్లలో కూడా ఈ వాహకం కనిపించినది. డెండ్రిటిక్ కణాలు, అంటే కొత్త శత్రువు ఆనవాలును లింఫోసైట్లకు చూపించే కణాలు, సెరొటోనిన్‌ను లోనికి తీసుకొని అవసరమైనప్పుడు లింఫోసైట్‌కు అందించగలవని 2006లో వెల్లడైనది. డోపమిన్‌ను లోనికి తీసుకొనే వాహకం కూడా మానవ లింఫోసైట్లమీద గుర్తింపబడినది. నాడికి, తెల్లకణానికి మధ్య ఇంత సామ్యం ఉండగా శరీరం వేరు, మనసు వేరు అని గోడ కట్టడం కష్టం.

అయినా ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఇదంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని సభలలో కొందరు మిత్రులు చెప్పడం వింటున్నాను. ఆ మాట నాకు సమ్మతం కాదు. శోకంవలన జ్వరం వస్తుందని ఆచార్యులు రోగి ప్రక్కన కూర్చొని చూసి చెప్పారు. అది గొప్ప పరిశీలన. లింఫోసైట్‌మీద గ్రాహకాలను వారు లెక్కించలేదు, లెక్కించామని చెప్పుకోలేదు. చూసినదానిని చూసినంతవరకే చెప్పడం వారినుండి మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం.

చింత కొలతకు అందుతుందా?

అందుతుంది. 1991లో షెల్డన్ కోహెన్ బృందం ఫలితాలు ప్రకటించినది. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు కలిగించే వైరస్ చుక్కలు వేసి చూశారు. మానసిక ఒత్తిడి తక్కువగా ఉన్నవారిలో నూటికి 27 మందికి జలుబు రాగా, అత్యధికంగా ఉన్నవారిలో 47 మందికి వచ్చినది. ఒకే వైరస్ అందినా శరీరాలు ఎదుర్కొన్న తీరు వేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 1995లో అమెరికాలోని ఒహాయో నుండి వెలువడిన చిన్న పరిశీలన. మతిమరపు వ్యాధి ముదిరిన తమవారికి ఇంట్లో సేవచేస్తున్న 13 మంది స్త్రీలను, అదే వయసుగల మరి 13 మంది స్త్రీలను తీసుకొని, ముంజేతిమీద చిన్న గాయం చేసి అది మానే రోజులను లెక్కించారు. సేవచేసే స్త్రీలకు సగటున 48.7 రోజులు పట్టినది. ఇతరులకు 39.3 రోజులు. తొమ్మిది రోజుల తేడా. మన ఇళ్లలో మంచాన పడిన అత్తగారికో, పక్షవాతం వచ్చిన భర్తకో ఏళ్ల తరబడి సేవచేసే స్త్రీలు ఎంతమంది! వారి పుండు మానకపోతే లేపనం మార్చుతాము. వారి రాత్రి నిద్రను గురించి అడిగేవారు అరుదు.

మందుల సంచిలోని సమస్య

ఇప్పుడు ప్రమాదాల సంగతి. దిగులుకు, ఆందోళనకు నేడు విస్తృతంగా వాడే మాత్రలలో ఒక వర్గం సెరొటోనిన్ వాహకాన్ని మూసివేస్తుంది. ఫ్లూక్సెటిన్ ఈ వర్గంలోనిది. అమెరికాలో దీనికి 1987 చివరలో అనుమతి లభించినది. మెదడులో వాహకం మూతపడితే సెరొటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. అది కోరిన ఫలితం. కాని రక్తంలోని ప్లేట్‌లెట్‌మీద ఉన్నది కూడా అదే వాహకం కదా. అక్కడకూడా మూతపడుతుంది. కొన్ని వారాలలో ప్లేట్‌లెట్లలోని నిల్వ చాలవరకు తరిగిపోతుంది. ఎక్కువమందికి ఇందువలన ఇబ్బంది కలుగదు. అయితే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమాత్రలు తోడైతే రక్తస్రావం జరిగే అవకాశం, ముఖ్యంగా జీర్ణకోశంలో, పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. యాభై ఐదేళ్లు దాటిన ఒక ఉపాధ్యాయిని కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. చేతులమీద, తొడలమీద కారణం లేకుండా నీలిమచ్చలు, పళ్లు తోముకుంటే చిగుళ్లనుండి రక్తం. "ఒంట్లో వేడి ఎక్కువైందండీ. రక్తపిత్తమని మా ఊళ్లో అన్నారు. ఉసిరికతోనో, అడ్డసరంతోనో ఏదైనా ఇవ్వండి" అన్నారు.

"తప్పకుండా ఇస్తానమ్మా. ముందు మీరు వాడే మాత్రలన్నీ చెప్పండి" అన్నాను.

"బీపీకి ఒక్కటేనండీ."

ఆమె చూపు కోడలివైపు వెళ్లి మరలినది. కోడలిని చూర్ణాలు ఇచ్చే బల్ల వద్దకు పంపించి మళ్లీ అడిగాను. చేతిసంచి అడుగునుండి మాత్రల అట్ట ఒకటి తీసి బల్లమీద ఉంచారు. దిగులుకు వాడే మాత్ర, ఏడాదిగా వాడుతున్నారు. "పిచ్చిమందు మింగుతున్నానని ఇంట్లో అనుకుంటారేమోనండీ" అన్నారు మెల్లగా. మోకాళ్లనొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్ర రోజుకు రెండుసార్లు. గుండెకు మంచిదని ఎవరో చెప్పగా పరగడుపున నాలుగు పచ్చి వెల్లుల్లి రెబ్బలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే దోషం కనిపించదు. మూడూ కలిసినచోట రక్తం గడ్డకట్టే శక్తి సన్నగిల్లినది.

నేను ఆమెకు రక్తపిత్తానికి మందు ఇవ్వలేదు. దిగులు మాత్రను ఎట్టి పరిస్థితిలోనూ తనంతట తాను మానవద్దని చెప్పి, ఆ మాత్ర రాసిన వైద్యునికి అన్ని వివరాలతో ఉత్తరం రాసి ఇచ్చాను. ఆయన రక్తపరీక్ష చేయించి, నొప్పిమాత్ర మాన్పించి, దిగులు మాత్రను కొనసాగించారు. మోకాళ్లకు మహానారాయణ తైలం మర్దన, ఆపై గోరువెచ్చని కాపడం నేను చెప్పాను. వెల్లుల్లి కూరలో వేసుకున్నంతవరకే. నెల తిరిగేసరికి కొత్త మచ్చలు రావడం ఆగినది. మరుసటిసారి వచ్చినప్పుడు, మాత్ర సంగతి కోడలికి తానే చెప్పానని అన్నారు. ఇప్పుడు ఆ కోడలే వేళకు గుర్తుచేస్తున్నదట.

ఇది చదివి దిగులు మాత్రలు చెడ్డవని ఎవరూ తీర్మానించరాదు. వాటివలన ప్రాణాలు నిలిచిన కుటుంబాలు నాకు తెలుసు. హఠాత్తుగా మానితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి, తలలో విద్యుత్తు తగిలినట్లు జలదరింపు కలుగవచ్చు. పాత దిగులు మరింత బలంగా తిరిగి రావచ్చు. మానవలసి వస్తే రాసిన వైద్యుడే క్రమక్రమంగా తగ్గించాలి.

మరికొన్ని అపోహలు

అరటిపండు తింటే దిగులు పోతుందని, అందులో సెరొటోనిన్ ఉన్నదని చెప్పేవారున్నారు. ఉన్నమాట నిజమే. కాని రక్తంలోని సెరొటోనిన్ మెదడులోనికి వెళ్లకుండా రక్తానికి, మెదడుకు మధ్య ఒక అడ్డు ఉన్నది. అరటిపండు మంచి ఆహారం, తినండి. దానిని మందుగా భావించవద్దు. ఇదే కారణంచేత రక్తంలో సెరొటోనిన్ కొలిపించి మనసు స్థితిని తెలుసుకోవాలని డబ్బు ఖర్చుచేయడంకూడా వృథా.

దూలగొండి విత్తనాలు, అంటే కపికచ్ఛువు, బలానికని పొడిగా అమ్ముతున్నారు. ఈ విత్తనాలలో ఎల్-డోపా ఉన్నదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. శరీరంలో అది డోపమిన్‌గా మారుతుంది. అందుచేత ఇది కేవలం బలపు పొడి కాదు. పార్కిన్‌సన్ వ్యాధికి మాత్రలు వాడేవారు, మనోవ్యాధులకు మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని ముట్టరాదు.

సర్పగంధ విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. రక్తపోటును తగ్గించే దాని గుణాన్ని 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ వ్యాసంతో ప్రపంచమంతా దానివైపు చూసినది. 1952లో స్విట్జర్లాండ్‌లో దానినుండి రిసర్పిన్ వేరుచేశారు. నాడీకణాలలోను, ప్లేట్‌లెట్లలోను రసాయనాలు దాచుకొనే సంచులను అది ఖాళీ చేస్తుందని 1950లలోనే తేలినది. అందుకే కొందరికి దానివలన తీవ్రమైన దిగులు పట్టుకొన్నది. మన మూలికే కదా అని ఇంటివైద్యంలో వాడదగినది కాదు.

ఇక చేతులు వణకకుండా, వేదికమీద భయం లేకుండా ఉండాలని కొందరు విద్యార్థులు ప్రొప్రనలాల్ మాత్రను స్నేహితుల వద్ద అడిగి మింగుతున్నారు. అది అడ్రినలిన్ గ్రాహకాన్ని మూస్తుంది. ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలు తెరుచుకొనడానికి ఆ గ్రాహకమే ఆధారం. వారు పీల్చే సాల్బుటమాల్ మందు పనిచేసేది కూడా అక్కడే. కనుక ఉబ్బసం ఉన్న పిల్లవానికి ఆ మాత్ర ప్రాణాపాయం కాగలదు.

ఇంట్లో ఆచరించదగినవి

1. నిద్ర: వేళకు పడుకొని వేళకు లేవడం అన్నింటికన్న ముఖ్యం. 2002లో ప్రకటించిన ఒక పరిశీలనలో, కొన్ని రాత్రులు నాలుగు గంటలే నిద్రపోనిచ్చిన యువకులకు ఫ్లూ టీకా వేసి పది రోజుల తరువాత చూడగా, టీకావలన పుట్టవలసిన ప్రతిరక్షకాలు మామూలుగా నిద్రించినవారిలో సగానికంటె తక్కువ ఉన్నవి. టీకా వేయించుకొనే వారంలో రాత్రి జాగరణ చేయకండి.

2. పాదాభ్యంగం: పడుకొనే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె పట్టించి పది నిమిషాలు నెమ్మదిగా మర్దించి, బట్టతో తుడుచుకోవాలి. మధుమేహంవలన పాదాలకు స్పర్శ తగ్గినవారు నూనె వేడి మరొకరిచేత చూపించుకోవాలి.

3. దీర్ఘ నిశ్వాసం: వెన్ను నిటారుగా కూర్చొని, గాలిని లోనికి తీసుకున్న సమయానికి రెట్టింపు సమయం నెమ్మదిగా విడవాలి. గాలి విడిచేటప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కొంత నెమ్మదిస్తుంది. ఉదయం, సాయంకాలం పది నిమిషాల వంతున చాలు. బిగబట్టవలసిన పని లేదు.

4. నడక: మాట్లాడగలిగేంత వేగంతో అరగంట. ఇది తెల్లకణాలకు మేలైన దండోరా.

5. భయంతో, ఆందోళనతో విరేచనాలయ్యే వారికి: వెన్న తీసిన పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠిపొడి, కొంచెం సైంధవలవణం కలిపి త్రాగించాలి. రక్తం పడినా, జ్వరం ఉన్నా, ఒకరోజు దాటినా ఇంటివైద్యం ఆపి వైద్యునికి చూపించాలి.

6. అశ్వగంధ: నిద్రకు, అలసటకు మంచిదే. గర్భిణులు, థైరాయిడ్ మందు వాడేవారు, నిద్రమాత్రలు వాడేవారు, కాలేయవ్యాధి ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టరాదు.

7. సేవచేసేవారికి విరామం: ఇంట్లో రోగి ఉంటే వారానికి కనీసం ఒక పూట, రెండు రాత్రులు మరొకరు ఆ బాధ్యత తీసుకోవాలి. ఇది దయ కాదు, చికిత్సలో భాగం. కొడుకులు, అల్లుళ్లు కూడా ఈ వంతులో ఉండాలి.

ఈ ఆచారాలేవీ దీర్ఘవ్యాధికి వాడుతున్న మందులకు బదులు కావు. వాటికి తోడు మాత్రమే. రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోయినా, నిద్ర, ఆకలి పూర్తిగా తప్పినా, బ్రతకాలని లేదన్న మాట నోటివెంట వచ్చినా ఆ దినమే మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి. జ్వరం వచ్చినవానిని తీసుకొనిపోవడానికి మనం సిగ్గుపడము కదా.

చివరగా ఒక విన్నపం. ఇంట్లో ప్రతి పెద్దవారి పేరున ఒక కాగితం తీసుకొని, వారు వాడే మాత్రలు, లేహ్యాలు, చూర్ణాలు, పరగడుపున తీసుకొనే చిట్కాలు అన్నీ రాయండి. ఎవరి చాటున ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో చెప్పుకోగలిగే చనువు ఇంట్లో ఉండనివ్వండి. ఏ పద్ధతి వైద్యుని వద్దకు వెళ్లినా ఆ కాగితం ముందుగా ఆయన చేతిలో పెట్టండి. నావద్దకు వచ్చినా సరే, నాడి చూపించే ముందు ఆ కాగితమే చూపించండి.